ఏ పార్టీ తరఫునా కాకుండా, చుట్టుపక్కల వాళ్ల పేర్లు ఓటరు జాబితాలో ఎక్కించడం ఎలా

"ఓటు మీ హక్కు, వాడుకోండి" అని పోస్టర్ అంటించి వచ్చేయడం తేలిక. దానివల్ల జాబితాలోకి కొత్తగా ఎక్కే పేర్లు మాత్రం తక్కువే. నమోదు కాని మనిషికి చాలాసార్లు ఓటు మీద విరక్తేమీ ఉండదు. ఇల్లు మారి ఉంటారు, ఏ ఫారం నింపాలో తెలియదు, ఏ కాగితం జత చెయ్యాలో తెలియదు, గడువు సంగతి తెలిసేసరికి అది దాటిపోయి ఉంటుంది. కాబట్టి మీరు చెయ్యాల్సిందల్లా ఈ చిన్న చిన్న అడ్డంకుల్ని ఒక్కొక్కటిగా తీసేస్తూ, ఆ పేరు జాబితాలో కనబడేదాకా, ఆ మనిషి వెళ్లి ఓటేసేదాకా వెంట ఉండటమే.

ఫ్రాన్స్‌లో 2012 ఎన్నికలకు ముందు కొందరు పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. అక్కడ అప్పట్లో ముందటి ఏడాది డిసెంబరు 31 లోపు మున్సిపల్ ఆఫీసులో నమోదు చేసుకోవాలి. కొన్ని ఇళ్లకు వెళ్లి ఎలా నమోదు చేసుకోవాలో వివరంగా చెప్పి వచ్చారు, మరికొన్ని ఇళ్లలో అక్కడికక్కడే ఫారం నింపించి తామే తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చారు. రెండో పద్ధతిలోనే నమోదు బాగా పెరిగింది. అలా చేరినవాళ్లలో చాలామంది ఆ ఏడాది ఓటేశారు, ఎన్నికల వార్తల మీద ఆసక్తి కూడా పెంచుకున్నారు. "కావాలనుకుంటే వాళ్లే చేసుకుంటారులే" అనే మాటను నేను అందుకే ఒప్పుకోను.

ముందు మీ చోట చట్టం ఏమంటుందో చదవండి

ఇది విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని దాటేసి వీధిలోకి వెళ్లకండి. మూడు సంగతులు తేల్చుకోవాలి: ఎవరికి ఓటు హక్కు ఉంది, గడువు ఎప్పుడు, వేరేవాళ్ల ఫారాలు మీరు తీసుకెళ్లి ఇవ్వొచ్చా.

ఇవి దేశదేశానికీ, కొన్నిచోట్ల రాష్ట్రరాష్ట్రానికీ మారిపోతాయి. భారతదేశంలో 18 ఏళ్లు నిండాలి, జనవరి 1 ఒక్కటే కాకుండా ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 కూడా అర్హత తేదీలే (అంటే ఆ వయసు నిండిందా అని చూసే రోజులు), 17 నిండినవాళ్లు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. నామినేషన్ల చివరి తేదీ దాటాక జాబితాలో కొత్త పేరు చేర్చడానికి చట్టం ఒప్పుకోదు, విచారణకు పట్టే రోజులు తీసేసి చూస్తే మనకు మిగిలే గడువు ఇంకా ముందే ముగుస్తుంది. ఆస్ట్రేలియాలో నమోదూ తప్పనిసరే, ఓటూ తప్పనిసరే, ఎన్నికల ఉత్తర్వులు వెలువడిన ఏడో రోజు జాబితా మూసేస్తారు. అమెరికాలో ఫెడరల్ (జాతీయ స్థాయి) ఎన్నికలకు ఏ రాష్ట్రమూ గడువును పోలింగ్‌కు 30 రోజుల కంటే ముందుకు జరపకూడదని 1993 నాటి చట్టం చెబుతుంది, కొన్ని రాష్ట్రాల్లో పోలింగ్ రోజున కూడా నమోదు చేసుకోవచ్చు, నార్త్ డకోటాలో అయితే అసలు నమోదు పద్ధతే లేదు.

అర్హత దగ్గర మరీ జాగ్రత్త. అమెరికాలో ఫెడరల్, రాష్ట్ర ఎన్నికల్లో పౌరులకే ఓటు, గ్రీన్ కార్డు ఉన్నా సరే నమోదు చేసుకోకూడదు, ఉత్సాహం కొద్దీ మీరు ఫారం చేతిలో పెడితే, వాళ్లు తెలియక సంతకం చేస్తే, ఆ మనిషి దేశం వదిలి వెళ్లాల్సిన పరిస్థితి కూడా రావచ్చు. అదే బ్రిటన్‌లో నివసిస్తున్న భారత పౌరులు, కామన్వెల్త్ దేశం వాళ్లు కాబట్టి, పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటేయొచ్చు. వీసా మీద చదువుకుంటున్న చాలామంది పిల్లలకు ఈ సంగతే తెలియదు. న్యూజిలాండ్‌లో శాశ్వత నివాసులకు కూడా కొంతకాలం ఉన్నాక ఓటు వస్తుంది. విదేశాల్లో ఉంటూ భారత పాస్‌పోర్టు వదులుకోనివాళ్లు ఫారం 6ఏ తో స్వదేశంలో నమోదు చేసుకోవచ్చు, వేరే దేశ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్లకు ఆ అవకాశం లేదు. కాబట్టి చూడగానే "ఈయనకు ఓటుంటుంది, ఈవిడకుండదు" అని మీరే అనేసుకోకండి, అడగండి.

ఇక ఫారాలు మోసుకెళ్లే విషయం. టెక్సస్‌లో నింపిన ఫారాలు సేకరించాలంటే ముందు కౌంటీ ఆఫీసులో వాలంటీర్ డిప్యూటీ రిజిస్ట్రార్‌గా నియామకం పొందాలి, ఫారం చేతికొచ్చిన ఐదు రోజుల్లో అప్పగించాలి. భారతదేశంలో ఒకరే గంపగుత్తగా తెచ్చిచ్చే దరఖాస్తులు తీసుకోరు, ఒక కుటుంబం వాళ్లవి కలిపి ఇస్తే ఇబ్బంది లేదు. అంటే అక్కడ మీరు ఎవరికి వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టుకునేలానో, బూత్ స్థాయి అధికారికి స్వయంగా ఇచ్చేలానో పక్కన కూర్చుని సాయం చెయ్యాలి. ఏ దేశమైనా ఎన్నికల అధికారులను ముందే ఒకసారి కలిసి మీరు ఎవరో, ఏం చెయ్యబోతున్నారో చెప్పండి. తర్వాత ఏ పేరు దగ్గరైనా చిక్కు వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలా అని వెతుక్కోనక్కర్లేదు.

తటస్థంగా ఉండటం ఎలాగో బృందంలో అందరూ ఒప్పుకోండి

"మేం ఏ పార్టీ వాళ్లమూ కాదు" అని చెప్పుకోవడం సరిపోదు. ఎదుటివాళ్లు మీ మాట నమ్మేముందు మీ చొక్కా చూస్తారు, మీ బండి మీద స్టిక్కర్ చూస్తారు, మీ ప్రొఫైల్ ఫొటో చూస్తారు.

కాబట్టి మొదలుపెట్టే ముందే కూర్చుని కొన్ని నియమాలు రాసుకుని అందరూ సంతకం పెట్టండి. పార్టీ రంగులు, గుర్తులు, కండువాలు ఉండకూడదు. అభ్యర్థి నుంచి గానీ పార్టీ నుంచి గానీ డబ్బు, భోజనాలు, వాహనాలు, ఆఖరికి నీళ్ల సీసాలు కూడా తీసుకోకూడదు. పని మీద ఉన్నప్పుడు ఎవరు గెలుస్తారన్న చర్చ మీలో మీరు కూడా పెట్టుకోకూడదు, ఎందుకంటే పక్కన ఫారం నింపుతున్న మనిషి వింటూనే ఉంటారు. నమోదు చేసుకున్నందుకు, ఓటేసినందుకు ఎవరికీ ఏమీ ఇవ్వకండి. అమెరికాలో ఫెడరల్ ఎన్నికల్లో నమోదు చేసుకోవడానికో ఓటేయడానికో డబ్బివ్వడం నేరం. మిగతా చోట్ల చట్టం ఎలా ఉన్నా, ఒక్క చిన్న కానుక మీ మొత్తం పని మీద అనుమానం తెచ్చిపెడుతుంది.

"ఇంతకీ ఎవరికి వెయ్యమంటారు?" అని తప్పకుండా అడుగుతారు. దీనికి జవాబు అందరూ ఒకేలా చెప్పాలి: "అది మీ ఇష్టమండీ, మేం చెప్పకూడదు. పోటీలో ఎవరెవరు ఉన్నారో, వాళ్ల అఫిడవిట్లు ఎక్కడ దొరుకుతాయో చూపిస్తాం." అంతటితో ఆపేయాలి. నవ్వుతూ కూడా సూచన ఇవ్వొద్దు.

పార్టీ కార్యకర్త ఒకరు వచ్చి "నేనూ పని చేస్తాను" అంటే? నా అభిప్రాయంలో సాధారణ కార్యకర్త అయితే నియమాలకు ఒప్పుకున్నాక రానివ్వొచ్చు, కానీ ఇద్దరేసి జట్లుగా పంపేటప్పుడు ఆయన్ని ఒంటరిగా వదలకండి. అభ్యర్థిగానీ, ప్రచారం నడిపేవాళ్లుగానీ అయితే వద్దనే చెప్పండి. మొహమాటపడితే ఆ తర్వాత మీ బృందం చెప్పే ఏ మాటకూ విలువ ఉండదు.

అమెరికాలో లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ అనే సంస్థను 1920లో, స్త్రీలకు ఓటు హక్కు రాజ్యాంగంలో చేరడానికి కొన్ని నెలల ముందు, క్యారీ చాప్‌మన్ క్యాట్ స్థాపించారు. శతాబ్దం దాటినా అది ఏ అభ్యర్థినీ బలపరచదు, కానీ విధానాల మీద తన అభిప్రాయం చెబుతుంది. మీరు అంతదూరం వెళ్లాలో లేదో మీరే నిర్ణయించుకోండి. కొత్తగా మొదలుపెట్టిన చిన్న బృందమైతే ఎన్నికలయ్యేదాకా విధానాల జోలికీ పోకపోవడమే మేలని నాకనిపిస్తుంది, వీధిలో జనం ఆ తేడాను అంత సూక్ష్మంగా చూడరు.

జాబితాలో లేనివాళ్లు ఎక్కడ ఉన్నారో వెతకండి

జనం ఎక్కువ తిరిగే చోట బల్ల వేసుకుని కూర్చుంటే ఫొటోలు బాగా వస్తాయి. అక్కడికొచ్చేవాళ్లలో చాలామంది ఇప్పటికే నమోదైనవాళ్లు, మిగతావాళ్లు తొందరలో ఉన్నవాళ్లు. దానికంటే, ఎవరి పేర్లు జాబితాలో ఉండవో ఆలోచించి వాళ్లున్న చోటికి వెళ్లండి.

కొత్తగా పద్దెనిమిది నిండినవాళ్లు, వాళ్లను కాలేజీలోనో, పనిలో చేరిన చోటో పట్టుకోవాలి. అద్దె ఇళ్లవాళ్లు, వీళ్ల పేరు చాలాసార్లు పాత చిరునామాలోనే ఉండిపోతుంది. పెళ్లయి ఇల్లు మారిన ఆడవాళ్లు, ఇంటిపేరు మార్చుకున్నవాళ్లు. హాస్టల్ పిల్లలు, వీళ్లకు ఇంటి చిరునామానా హాస్టల్ చిరునామానా అన్న సందేహంతోనే ఏళ్లు గడిచిపోతాయి. భారతదేశంలోనూ అమెరికాలోనూ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు, రెండు చోట్లా ఉండకూడదు అంతే. కొత్తగా పౌరసత్వం వచ్చినవాళ్లు. మంచం దిగలేని పెద్దవాళ్లు, వాళ్లను చూసుకుంటూ గడప దాటలేని ఇంటివాళ్లు.

ఇల్లు లేనివాళ్లను మర్చిపోకండి. చిరునామా లేదు కాబట్టి ఓటు లేదని వాళ్లూ అనుకుంటారు, మనమూ అనుకుంటాం. భారతదేశంలో అధికారి రాత్రిపూట వచ్చి ఆ మనిషి అక్కడే పడుకుంటున్నారని చూసి నమోదు చెయ్యొచ్చు. అమెరికా జాతీయ ఫారంలో ఉండే చోటును మ్యాప్ గీసి చూపించడానికి ఖాళీ వదిలారు. అలాగే జైలుకు వెళ్లొచ్చినవాళ్లు తమకిక జీవితాంతం ఓటు లేదని గట్టిగా నమ్ముతారు. భారతదేశంలో జైల్లో ఉన్నంతకాలమే ఓటేయడానికి వీల్లేదు, బయటికొచ్చాక వెయ్యొచ్చు. అమెరికాలో ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, మెయిన్, వెర్మాంట్ రాష్ట్రాల్లో జైలు నుంచి కూడా ఓటేస్తారు. ఇలాంటివాళ్లకు "మీకు హక్కుంది" అని నిర్ధారించి చెప్పడమే పెద్ద సాయం.

ఒక ప్రాంతం తీసుకుంటే దాన్ని పూర్తి చెయ్యండి. ఐదు వీధుల్లో తలా నాలుగిళ్లు తట్టడం కంటే ఒకే వీధిలో ప్రతి ఇంటికీ వెళ్లి, తాళం వేసున్న ఇళ్లకు మళ్లీ సాయంత్రం వెళ్లడం నయం. ఒక పార్టీకి బలమున్న వీధులే ఎంచుకున్నారన్న మాట రాకుండా వేర్వేరు ప్రాంతాలు వంతులవారీగా తీసుకోండి. ఆ వీధి మనిషే మీ బృందంలో ఒకరుంటే తలుపులు త్వరగా తెరుచుకుంటాయి.

మాట ఎలా మొదలుపెట్టాలి

"మీకు ఓటుందా?" అని అడక్కండి. కార్డు ఉంది కాబట్టి, కిందటిసారి వేశారు కాబట్టి "ఉంది" అనేస్తారు, తలుపు మూసేస్తారు. దానికి బదులు ఇలా అనొచ్చు: "నమస్కారమండీ, మేం ఏ పార్టీ తరఫునా రాలేదు. జాబితాలో పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో అందరికీ చూసి పెడుతున్నాం. మీ ఇంట్లోవాళ్ల పేర్లు ఈ మధ్య చూసుకున్నారా?" చాలామంది చూసుకుని ఉండరు. ఫోన్‌లో అధికారిక వెబ్‌సైట్ తెరిచి వాళ్ల చేతే వెతికించండి. కార్డు చేతిలో ఉన్నా జాబితాలో పేరు లేకపోతే భారతదేశంలో ఓటు పడదు, ఈ ఒక్క ముక్క చెప్పగానే ఇంట్లో మిగతావాళ్లు కూడా బయటికొస్తారు.

పేరు దొరికిందా, సంతోషం. దొరకలేదా, అప్పుడే ఫారం తియ్యండి, "తర్వాత చూద్దాం" అన్నారంటే ఆ తర్వాత రాదు.

"నా ఒక్క ఓటుతో ఏమవుతుంది?" అనేవాళ్లకు చెప్పడానికి నిజంగా జరిగినవే ఉన్నాయి. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి. జోషి ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. 2017లో అమెరికాలోని వర్జీనియా శాసనసభ సీటు ఒకదానికి ఇద్దరికీ సమానంగా ఓట్లొస్తే, పేర్లు గిన్నెలో వేసి చీటీ తీసి విజేతను తేల్చారు. అయితే ఇలాంటివి అరుదు, జనానికీ ఆ సంగతి తెలుసు, అందుకని వీటి మీదే ఆధారపడకండి. "మీ వీధిలో ఏది మారితే బాగుంటుందనుకుంటున్నారు?" అని అడిగి, నిజంగా వినండి. నీళ్లో, రోడ్డో, బడో, ఏదో ఒకటి చెబుతారు. అది తేల్చేది స్థానిక సంస్థా, రాష్ట్రమా, కేంద్రమా, దానికి ఎన్నిక ఎప్పుడు అన్నది చెప్పండి. తన సమస్యకూ తన ఓటుకూ మధ్య దారి కనబడ్డాక ఎక్కువ చెప్పాల్సిన పనుండదు.

దీని గురించి ఆలోచించినప్పుడల్లా నాకు సౌత్ కరోలినా తీరంలోని జాన్స్ ఐలాండ్ గుర్తొస్తుంది. నల్లజాతివాళ్లు ఓటరుగా నమోదు కావాలంటే చదవగలగాలని అక్కడ షరతు పెట్టిన రోజులవి. ఏసా జెంకిన్స్ అనే ఆయన తను నడిపే బస్సులోనే ప్రయాణికులకు రాజ్యాంగంలోని భాగాలు నేర్పించేవారు. ఆయన, ఉపాధ్యాయురాలు సెప్టిమా క్లార్క్ కలిసి 1957లో ఒక సహకార దుకాణం వెనక గదిలో రాత్రిబడి పెట్టించారు. పాఠాలు చెప్పడానికి బెర్నీస్ రాబిన్సన్ అనే బ్యూటీషియన్‌ను ఒప్పించారు. ఆమె మొదట వాళ్లకేం నేర్చుకోవాలనుందో అడిగి తెలుసుకుంది. తమ పేరు తాము రాసుకోవాలని, మనీఆర్డరు నింపుకోవాలని చెప్పారు, అక్కడి నుంచే మొదలుపెట్టింది. ఆ పద్ధతి దక్షిణాది రాష్ట్రాలంతటా పౌరసత్వ పాఠశాలలుగా పాకింది, ఆ తర్వాత 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చి చదువు షరతును అడ్డుకుంది. వాళ్ల ముందున్న అడ్డంకితో పోలిస్తే మనముందున్నవి ఎంత చిన్నవో చూడండి.

ఫారం దగ్గర చేతులు కాలకుండా

ఫారం వాళ్లే నింపాలి, సంతకం వాళ్లే చెయ్యాలి. చదువు రానివాళ్లకు, చూపు లేనివాళ్లకు సాయం చేసే పద్ధతి ప్రతిచోటా ఉంటుంది, అది తెలుసుకుని అలాగే చెయ్యండి. తప్పు వివరాలు రాయిస్తే నష్టపోయేది ఆ మనిషి, భారతదేశంలో తెలిసి తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ ఉంటాయి.

ఎక్కువ తిరస్కరణలు పెద్ద విషయాల వల్ల రావు. పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉండటం, పుట్టిన తేదీలో నెల, రోజు తారుమారు కావడం, ఫొటో మసకగా ఉండటం, సంతకం మర్చిపోవడం, ఇలాంటివే. రెండో మనిషి ప్రతి ఫారాన్నీ ఒకసారి చూసేలా పెట్టుకోండి. ఏ ఫారం ఎప్పుడు అన్నది కూడా గందరగోళమే: భారతదేశంలో కొత్తగా చేరడానికి 6, ఇల్లు మారితే, వివరాలు సరిచెయ్యాలంటే 8, పేరు తొలగించమనడానికో అభ్యంతరం చెప్పడానికో 7. ఇల్లు మారినవాళ్లు కొత్త ఫారం 6 పెట్టేస్తే రెండు చోట్లా పేరుండి లేనిపోని తలనొప్పి.

వాళ్ల వివరాలు మీ దగ్గర పరాయి సొత్తు అనుకోండి. గుర్తింపు కార్డుల ఫొటోలు మీ ఫోన్‌లో పెట్టుకోవద్దు, ఆన్‌లైన్‌లో చేస్తుంటే ఓటీపీ వాళ్లే కొట్టాలి, మీకు చెప్పమనకూడదు. మళ్లీ పలకరించడానికి పేరు, ఫోన్ నంబరు, దరఖాస్తు నంబరు మాత్రం వాళ్ల అనుమతితో రాసుకోండి. ఆ పట్టికను ఎవరికీ ఇవ్వకండి, పని పూర్తయ్యాక చెరిపేయండి. పార్టీలవాళ్లు అడుగుతారు, అడిగినప్పుడు ఇవ్వలేమని చెప్పడానికి వీలుగా ఇది కూడా ముందే మీ నియమాల్లో రాసుకోండి.

ఫారాలు సేకరించడానికి అనుమతి ఉన్నచోట ప్రతి ఫారమూ గడువులోగా చేరాలి. నింపిన మనిషి ఏ పార్టీ అభిమాని అన్నది మీకు పట్టకూడదు. ఒక్క ఫారం అయినా బ్యాగు అడుగున మిగిలిపోయిందంటే ఒక మనిషి ఓటు పోయినట్టే, అందుకే ఏ రోజు ఫారాలు ఆ రోజే లెక్కపెట్టి, ఒకరి పేరు మీద అప్పగింత రాసి, ఆఫీసు నుంచి రసీదు తీసుకోండి.

పేరు ఎక్కేదాకా వదలొద్దు

చాలా బృందాలు ఇక్కడే ఆగిపోతాయి, ఇన్ని ఫారాలు నింపించాం అని లెక్క చెప్పుకుంటాయి. మీరు లెక్కపెట్టాల్సింది జాబితాలోకెక్కిన పేర్లు.

దరఖాస్తు పెట్టిన రెండు మూడు వారాలకు ఒకసారి నంబరుతో స్థితి చూడండి. విచారణకు అధికారి వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోతే చిరునామా దొరకలేదని పక్కన పెట్టేయొచ్చు, అందుకే ఆ వారం పొరుగింటివాళ్లకు ఒక మాట చెప్పి ఉంచమనండి. ముసాయిదా జాబితా వచ్చినప్పుడు మీ వీధి భాగాన్ని మొత్తం చదవండి. కొత్తవి చేరాయా అనే కాకుండా, ఉన్నవాళ్లవి ఏవైనా పోయాయా అని కూడా చూడాలి. బతికున్న మనిషి పేరు చనిపోయినవాళ్లలో కలిసిపోవడం, అపార్ట్‌మెంట్‌లో ఒక అంతస్తు అంతా ఎగిరిపోవడం జరుగుతుంటాయి. అభ్యంతరాల గడువు లోపల కనిపెడితే దిద్దించడం తేలిక, పోలింగ్ రోజు కనిపెడితే చెయ్యగలిగేది దాదాపు ఏమీ ఉండదు. అమెరికాలో అయితే అప్పుడు కూడా ప్రొవిజనల్ (తాత్కాలిక) బ్యాలెట్ అడిగే హక్కు 2002 నాటి చట్టం ఇచ్చింది, అర్హత తేలాక దాన్ని లెక్కిస్తారు. ఈ సంగతి అక్కడివాళ్లకు తప్పక చెప్పాలి.

ఓటు రోజు కోసం

నమోదైన ప్రతి ఒక్కరూ వెళ్తారనుకోకండి. 1998లో అమెరికాలోని న్యూహేవెన్ నగరంలో గెర్బర్, గ్రీన్ అనే ఇద్దరు రాజనీతి శాస్త్రవేత్తలు పార్టీలతో సంబంధం లేని సందేశాన్ని మూడు రకాలుగా పంపి చూశారు. ఇంటికి వెళ్లి ముఖాముఖి మాట్లాడితే ఓటింగ్ గణనీయంగా పెరిగింది, ఉత్తరాలతో కొద్దిగా, ఫోన్ కాల్స్‌తో ఏమీ లేదు. మీ దగ్గర సమయం తక్కువుంటే కరపత్రాలు తగ్గించి గడపలు పెంచండి.

వెళ్లాక "ఓటేస్తారు కదా?" అని అడిగి తల ఊపించుకుని వచ్చేయకండి. మూడు ప్రశ్నలు అడగండి: ఎన్నింటికి వెళ్దామనుకుంటున్నారు? ఎక్కడి నుంచి బయల్దేరతారు? దానికి ముందు ఏం పనిలో ఉంటారు? 2008లో అమెరికాలోని పెన్సిల్వేనియా ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) నికర్సన్, రోజర్స్ అనే పరిశోధకులు సరిగ్గా ఇవే అడిగించారు, ప్రణాళిక చెప్పినవాళ్లలో ఓటింగ్ పెరిగింది, అది కూడా ఇంట్లో ఒక్కరే ఓటరు ఉన్నచోట మరీ ఎక్కువగా. ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో ఎలాగూ ఒకరికొకరు గుర్తుచేసుకుంటారు, ఒంటరిగా ఉండేవాళ్లకు అడిగే మనిషే ఉండరు. అందుకే సమయం చాలకపోతే ముందు వాళ్ల దగ్గరికే వెళ్లమంటాను.

ఒక పద్ధతి మాత్రం బాగా పనిచేస్తుందని తెలిసినా వాడొద్దు. 2006లో మిషిగన్‌లో ఓటర్లకు వాళ్లూ, వాళ్ల ఇరుగుపొరుగూ కిందటి ఎన్నికల్లో ఓటేశారో లేదో రాసి, మళ్లీ అందరికీ తెలియజేస్తామని ఉత్తరాలు పంపితే ఓటింగ్ ఎనిమిది శాతం పాయింట్ల దాకా పెరిగింది. కానీ అది సిగ్గుపెట్టి పంపించడం. ఇవాళ ఓటేసినా రేపు మీ మొహం చూస్తే తలుపేసుకుంటారు, మనకు వాళ్లతో ఎన్నికల తర్వాత కూడా పనుంది.

కదల్లేనివాళ్లకు ఇంటి నుంచే ఓటేసే వీలుందేమో ముందే కనుక్కోండి. భారతదేశంలో 85 ఏళ్లు దాటినవాళ్లు, 40 శాతం, అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్నవాళ్లు ఫారం 12డీ తో పోస్టల్ బ్యాలెట్ అడగొచ్చు, నోటిఫికేషన్ రాగానే కదలాలి, ఆలస్యమైతే పోయినట్టే. మీరే వాహనం ఏర్పాటు చేస్తే అది ఎవరికైనా ఒకేలా అందాలి, దారిలో రాజకీయాలు మాట్లాడకూడదు, చట్టం ఒప్పుకుంటుందో లేదో అధికారిని ముందే అడగాలి. పోలింగ్ కేంద్రం దగ్గర ఎంత దూరంలో ఉండాలో కూడా తెలుసుకోండి. గుర్తింపుకు ఏ కాగితం కావాలన్న టెన్షన్‌తోనే కొందరు ఆగిపోతారు, అంగీకరించే కార్డుల జాబితాను ముందురోజు పంపండి. పోలింగ్ తేదీ మారింది, కేంద్రం మారింది అంటూ ఫోన్లలో తిరిగే సందేశాలను అధికారిక వెబ్‌సైట్‌లో చూసుకోకుండా మీ గ్రూపులో పెట్టకండి.

ఎన్నికల మధ్య కాలం

అభ్యర్థులతో ముఖాముఖి పెట్టాలనుకుంటే అందరినీ ఒకే ఉత్తరంతో, ఒకే రోజు పిలవండి. అందరికీ ఒకే సమయం, ఒకే ప్రశ్నలు, ప్రశ్నలు జనం దగ్గర నుంచి చీటీల మీద తీసుకుని సభ నడిపేవాళ్లు చదవాలి. ఎవరైనా షరతులు పెడితే ఒప్పుకోవద్దు. ఇందాక చెప్పిన లీగ్, 1976 నుంచి అధ్యక్ష అభ్యర్థుల చర్చలు నిర్వహిస్తూ, 1988లో రెండు ప్రచార బృందాలు ప్రశ్నించేవాళ్ల దగ్గర నుంచి హాలు దాకా అన్నీ తమ చేతిలో ఉండాలనేసరికి తప్పుకుంది. అంత పెద్ద కార్యక్రమాన్నే వదులుకోగలిగారు వాళ్లు.

కొత్తగా నమోదైనవాళ్లకు ఓటు తర్వాతి మెట్టు కూడా చూపించండి. భారతదేశంలో గ్రామ ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ రాజ్యాంగం ప్రకారం గ్రామసభలో సభ్యులు, అంటే జాబితాలో పేరు ఎక్కించిన రోజే మీరు వాళ్లకు ఆ సభలో కూర్చునే హక్కు కూడా ఇప్పించారన్నమాట, చాలామందికి ఇది ఎవరూ చెప్పి ఉండరు. వెర్మాంట్‌లో ఏటా మార్చి మొదటి మంగళవారం చాలా ఊళ్లలో ఓటర్లు సమావేశమై బడ్జెట్ తేలుస్తారు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రీలో 1989 నుంచి నగర బడ్జెట్‌లో కొంత భాగం ఎక్కడ ఖర్చుపెట్టాలో జనమే సమావేశాల్లో కూర్చుని చెప్పడం మొదలుపెట్టారు, ఆ పద్ధతి చాలా దేశాలకు వెళ్లింది. మీ చోట ఏముంటే దాని తేదీ కనుక్కోండి, వార్డు సమావేశమో, కౌన్సిల్ సభో, బడి కమిటీయో.

మొదటిసారి ఒంటరిగా పంపకండి. ఇద్దరు ముగ్గుర్ని కలిపి తీసుకెళ్లండి, ముందురోజు అజెండా కలిసి చదవండి, ఒక్క ప్రశ్న రాసుకుని వెళ్లమనండి, అక్కడ మాట్లాడేది మీరు కాకుండా వాళ్లయ్యేలా చూడండి. సభలో ఏం చెప్పారో, ఎప్పటికి చేస్తామన్నారో రాసుకుని, ఆ తేదీకి మళ్లీ వెళ్లి అడగాలి. వాళ్లలో ఇంకోసారి రావడానికి ఒప్పుకున్నవాళ్లను వచ్చే నమోదు సమయానికి మీ జట్టులోకి పిలవండి, వాళ్ల వీధి వాళ్లకే అప్పగించండి.